ప్రెషర్ వాషింగ్ పని మొదలుపెట్టాలంటే ఏ మెషిన్ కొనాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి

ప్రెషర్ వాషింగ్ అనగానే మనవాళ్లకి కార్ వాషింగ్ సెంటరే గుర్తొస్తుంది గానీ అసలు పని ఇళ్ల దగ్గర ఉంది. పాచి పట్టిన డాబాలు, అపార్ట్‌మెంట్ సెల్లార్లు, పార్కింగ్ టైల్స్, నల్లబడ్డ కాంపౌండ్ గోడలు. ఎండాకాలంలో వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసేముందు డాబా కడగాలి, దసరాకో సంక్రాంతికో రంగులు వేసేముందు గోడలు కడగాలి. ఒక మంచి మెషిన్, ఇద్దరు మనుషులు, సామాన్లు వేసుకెళ్లడానికి ఒక ట్రాలీ ఆటో ఉంటే మొదలుపెట్టేయొచ్చు. కాకపోతే తప్పు మెషిన్ కొని నెల తిరక్కుండా మూల పడేసినవాళ్లు చాలామంది, నేనూ ఆ బాపతే.

1. మెషిన్: బార్లు కాదు, లీటర్లు చూడండి

నేను మొదట ఆఫర్లో వచ్చిందని ఇంట్లో వాడుకునే 1800 వాట్ల మెషిన్ తీసుకున్నా. రెండు డాబాలు బాగానే కడిగింది, మూడోదాని మధ్యలో కాలిన వాసనొచ్చి ఆగిపోయింది. దాంట్లో ఉండేది కార్బన్ బ్రష్‌ల మోటార్, మిక్సీలో ఉంటుంది చూడండి అలాంటిది, అరగంట వాడి రెస్ట్ ఇవ్వాలి, రోజంతా పనికి తట్టుకోదు. డబ్బులు తీసుకుని చేసే పనికి బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటార్, ఇత్తడి హెడ్, సిరామిక్ ప్లంజర్లు (లోపల నీళ్లని తోసే కడ్డీలు) ఉన్న పంపు కావాలి. బరువుంటది, మెట్లెక్కించేటప్పుడు నడుం పడిపోతది, అయినా అదే కొనాలి.

బార్ అంటే నీళ్ల ప్రెషర్, పీఎస్ఐ అనేది దానికే ఇంకో కొలత, 1 బార్ సుమారు 14.5 పీఎస్ఐ. మురికిని ఊడగొట్టేది ప్రెషర్, ఊడినదాన్ని తోసుకుపోయేది నీళ్లు. నిమిషానికి 6 లీటర్ల మెషిన్‌తో మట్టి అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది, 10 లీటర్లదైతే పని చకచకా అయిపోతుంది. అందుకే మొదట లీటర్లు అడగండి.

షాపువాడు చెప్పే లెక్క నిజమో కాదో తేల్చుకోవడం కూడా తేలికే. బార్లని నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే ఎన్ని కిలోవాట్లు కావాలో వస్తుంది. 200 బార్, 12 లీటర్లు, 2000 వాట్ల మోటార్ అని రాసుంటే, 200 ఇంటూ 12 బై 600 అంటే 4 కిలోవాట్లు, మరి 2 కిలోవాట్ల మోటార్ అంత పని ఎలా చేస్తుంది? అదే 3 హెచ్‌పీ అంటే 2.2 కిలోవాట్లు, దాంతో 110 బార్, 10 లీటర్లు నమ్మొచ్చు. ఇళ్లల్లో 16 ఆంప్స్ సాకెట్ మీద నడిచేది కూడా అంతవరకే, 5 హెచ్‌పీకి త్రీ ఫేజ్ వెతుక్కోవాలి.

మామిడి తోటలకి మందు కొట్టే హెచ్‌టీపీ పంపు చవగ్గా వస్తుంది కదా అంటారు. నీళ్లు బాగా ఇస్తుంది గానీ ప్రెషర్ 20 నుంచి 40 బార్ల దాకానే. బైకులు, ట్రాక్టర్ల మీద బురదకి బ్రహ్మాండం, సిమెంట్‌లో దిగిన పాచికి మాత్రం చాలదు.

2. మిగతా సామాను

నాజిల్ అంటే ధార బయటికొచ్చే మూతి, ధార ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందో డిగ్రీల్లో చెప్పడానికి వాటికి రంగులుంటాయి: ఎరుపు 0 డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు సబ్బు నీళ్లకి. ఎరుపుది ఇంట్లో పెట్టి వెళ్లండి, ప్లాస్టరింగ్ మీద గీతలు పడ్డాయంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఆకుపచ్చ, తెలుపుతోనే ముప్పాతిక పని అయిపోతుంది. పెద్ద పార్కింగులకి 12 అంగుళాల సర్ఫేస్ క్లీనర్ తీసుకోండి, గుండ్రంగా తిరిగే ప్లేటు అన్నమాట, చారలు పడవు, ప్యాంటు తడవదు.

పంపుకి నీళ్లు వెళ్లేచోట ఫిల్టర్ తప్పనిసరి, బోరు నీళ్లలో ఇసుక వస్తే సీల్స్, అంటే నీళ్లు కారకుండా ఆపే రింగులు, పోతాయి. ఎక్స్‌టెన్షన్ వైరు సన్నది వద్దు, 2.5 ఎంఎం రాగి త్రీ కోర్ వైరు కొనండి. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న బోర్డు ఒకటి మీరే చేయించుకుని తీసుకెళ్లండి, తడి నేల మీద నిలబడి చేసే పని కదా, ఎర్త్ సరిగ్గా లేని ఇళ్లు ఎన్నో, లోడ్ ఎక్కువైతే పడిపోయే మామూలు ఎంసీబీ షాక్ నుంచి కాపాడదు.

3. పని ఒప్పుకునే ముందు నీళ్ల సంగతి

10 లీటర్ల మెషిన్ గంటకి 600 లీటర్లు తాగుతుంది, 500 లీటర్ల ట్యాంకు 50 నిమిషాలకి ఖాళీ. వాచ్‌మన్ని అడగండి బోరు ఎప్పుడు వేస్తారు, ట్యాంకర్ నీళ్లా అని. నీళ్లు లేకుండా పంపు ఒక్క నిమిషం తిరిగినా సీల్స్‌కి దెబ్బే. ఇంకో సంగతి, ఆ నీళ్లు ఎటు పోతాయో ముందే చూడండి, డాబా అవుట్‌లెట్లో ఆకులు తీయకుండా మొదలుపెడితే బురదంతా అక్కడ నిండిపోయి కింద ఫ్లోర్ వాళ్లు పైకొస్తారు.

4. కడిగే పద్ధతి

ముందు చీపురుతో ఊడ్చేయండి. పాచి గట్టిగా ఉంటే 10 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) ఒక లీటరుకి 9 లీటర్ల నీళ్లు కలిపి చేతి స్ప్రేయర్‌తో కొట్టండి, మెషిన్‌లో పోయొద్దు, పంపు తినేస్తుంది. పది నిమిషాలు ఆగండి, ఆరిపోనివ్వకండి, పక్కన మొక్కలుంటే ముందే మామూలు నీళ్లతో తడపండి. గోడకైతే మందు కింద నుంచి పైకి, కడగడం పై నుంచి కిందకి. నాజిల్ రెండడుగుల దూరంలో మొదలుపెట్టి మెల్లగా దగ్గరికి రండి, ముందు ఓ మూల ట్రై చేసి చూడండి.

యాసిడ్ విషయంలో మాత్రం మొండిగా ఉండండి. ఓనర్లే అడుగుతారు, యాసిడ్ పోస్తే తెల్లగా వస్తుందట కదా అని. తాండూరు బండలు, కడప బండలు రెండూ సున్నపురాయే, యాసిడ్ పడితే బుస్సున పొంగి పాలిష్ పోతుంది, మళ్లీ రాదు. హైపోక్లోరైట్ కొట్టినచోట యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసి ఉన్న సెల్లార్లో అది ప్రాణాల మీదకొస్తుంది.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, మీటర్ బాక్సులు, సోలార్ ప్యానెళ్ల జోలికి పోకండి. నీళ్లు కొట్టే గన్‌ని ఎవరి వైపూ తిప్పొద్దు. నీళ్ల ధార చర్మంలోకి దిగితే బయటికి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల కండ పాడైపోతుంది, నొప్పి లేదులే అనుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

5. జాగ్రత్తగా చేయాల్సిన పని, కాదనాల్సిన పని

సంపు కడిగే పని వస్తుంది, మంచి ఆదాయమే, కానీ లోపల పెట్రోల్ ఇంజన్ నడపొద్దు, మూత తీసి గాలి ఆడనివ్వాలి, పైన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. సెప్టిక్ ట్యాంకులోకి దిగమంటే ఎంత ఇస్తానన్నా వద్దు. రక్షణ సామాను లేకుండా అందులోకి మనిషిని దింపితే మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం.

6. రేటు, కాగితాలు

చదరపు అడుగు లెక్కన చెప్పండి కానీ చూడకుండా ఫోన్లో చెప్పొద్దు. 30 బై 40 డాబా అంటే 1200 అడుగులు, పల్చటి దుమ్మైతే రెండున్నర గంటల్లో అయిపోతుంది, మూడేళ్ల పాచైతే నాకు సాయంత్రం దాకా పట్టింది, రెండింటికీ ఒకటే రేటు ఎలా? ఇద్దరి కూలి, ఆటో, మందు, మెషిన్ అరుగుదల కలిపి రోజు ఖర్చు వేసుకుని దాని మీద చెప్పాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, ఆన్‌లైన్లో ఫ్రీ, సర్వీస్ మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు. మెషిన్‌కి బ్యాంకులో ముద్ర లోన్ (చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ పథకం) అడగొచ్చు, అందులో శిశు అనే రకం కింద 50 వేల దాకా ఇస్తారు. పనులు మాత్రం నాకు ఎక్కువ పెయింటింగ్ మేస్త్రీల దగ్గర్నుంచే వచ్చాయి, పాంప్లెట్లకి పెట్టిన డబ్బు దండగ.

మొదలుపెట్టేముందు పగిలిన టైల్స్, ఊడిన ప్లాస్టరింగ్ ఫోటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పెట్టేయండి, తర్వాత మీరే పగలగొట్టారంటే చూపించడానికి. సాయంత్రం మెషిన్ ఆపాక గన్ నొక్కి లోపలి ప్రెషర్ వదిలేయండి, పంపు ఆయిల్ గ్లాసులోకి, అంటే ఆయిల్ కనిపించే చిన్న అద్దంలోకి, ఓసారి చూడండి, పాలలా తెల్లగా కనిపిస్తే లోపలికి నీళ్లు దిగుతున్నట్టు, మర్నాడు పని ఒప్పుకోకుండా సీల్స్ మార్పించుకోండి.