లావోస్ రాజధాని వియంటియాన్‌లో ఉద్యోగం: వీసా, వర్క్ పర్మిట్, స్టే పర్మిట్ దరఖాస్తు విధానం

లావోస్‌లో పనిచేసే వీసాకు దరఖాస్తు పెట్టేది కంపెనీ. మనం కాగితాలు సమకూర్చాలి, వరుస సరిగ్గా నడుస్తోందో లేదో కనిపెట్టుకుని ఉండాలి. వియంటియాన్ చిన్న ఊరు. మెకాంగ్ ఒడ్డున నిలబడితే అవతలి గట్టున థాయ్‌లాండ్ కనిపిస్తుంది. ఊరు చిన్నది కదా అని ఆఫీసు పనులు ఇట్టే అయిపోతాయనుకోవద్దు. ఒకే మనిషికి మూడు శాఖలతో పని పడుతుంది: వీసా అనుమతి విదేశాంగ శాఖది, వర్క్ పర్మిట్ కార్మిక శాఖది, స్టే పర్మిట్ ప్రజా భద్రతా శాఖది, అంటే పోలీసు వ్యవహారాలు చూసే శాఖది.

ముందుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. "ఇప్పటికి టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, తర్వాత మార్పిస్తాం" అని ఎవరైనా అంటే ఆ ఉద్యోగం వదిలేయండి. వీసా ఆన్ అరైవల్ మీద దిగిన భారతీయులకు లావోస్ అధికారులు వర్క్ పర్మిట్ ఇవ్వరని మన రాయబార కార్యాలయం ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. కంబోడియా, లావోస్ సైబర్ మోసాల కేంద్రాల్లో ఇరుక్కున్న మన కుర్రాళ్ల కథలు 2024లో తెలుగు పేపర్ల నిండా వచ్చాయి. ఆ ఏడాది ఆగస్టులో లావోస్‌లోని గోల్డెన్ ట్రయాంగిల్ సెజ్ నుంచి 47 మంది భారతీయులను బయటికి తీసుకొచ్చారు. ఆ సెజ్ ఉన్నది ఉత్తరాన బొకేవ్ ప్రావిన్స్‌లో, వియంటియాన్‌కు చాలా దూరం. ఉద్యోగం రాజధానిలో అని చెప్పి, టికెట్ మాత్రం బ్యాంకాక్ మీదుగా ఆ సెజ్ వైపున్న ఉత్తర థాయ్‌లాండ్ ఊరు చియాంగ్ రాయ్‌కి పంపితే, అది మోసమేనని వేరే చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాల్సిన దేశాల జాబితాలో లావోస్ లేదు. గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు ఉండే ఆ తనిఖీ ఇక్కడ ఉండదు కాబట్టి, జాగ్రత్త మొత్తం మన మీదే.

కంపెనీని అడగాల్సిన మొదటి ప్రశ్న: విదేశీ ఉద్యోగుల కోటా ఉందా? లావోస్ కార్మిక చట్టం ప్రకారం, కంపెనీలో పనిచేసే లావో ఉద్యోగుల సంఖ్యలో శారీరక శ్రమ ఉన్న పనులకు 15 శాతం, మేధోపరమైన పనులకు 25 శాతం వరకే విదేశీయులను పెట్టుకోవచ్చు. ఇరవై మంది లావో ఉద్యోగులున్న సంస్థ అకౌంటెంట్లు, ఇంజనీర్ల లాంటి పోస్టుల్లో ఐదుగురిని తీసుకోవచ్చన్నమాట. పెద్ద ప్రాజెక్టులకు వేరే ఒప్పందాలు ఉంటాయి. కోటా అనుమతి పత్రం కాపీ పంపమంటే నిజమైన కంపెనీ హెచ్ఆర్ మొహం చాటేయదు. అది చేతికొచ్చేదాకా ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.

కోటా ఉన్న కంపెనీ మీ పేరు మీద లావోస్ విదేశాంగ శాఖ కాన్సులర్ విభాగంలో అనుమతి తీసుకుంటుంది. ఆ అనుమతి మీద మీకు రావాల్సింది ఎల్ఏ-బి2, అంటే కార్మిక వీసా. పెట్టుబడిదారులకు ఇచ్చే ఎన్ఐ-బి2 వేరు, టూరిస్టుల టి-బి3 వేరు. స్టిక్కర్ మీద ఏ అక్షరాలున్నాయో పాస్‌పోర్టు చేతికి రాగానే చూసుకోండి. లావోస్ రాయబార కార్యాలయం ఢిల్లీలో ఉంది.

ఈలోపు ఇక్కడ చేయాల్సిన పనులు ఉన్నాయి, ఎక్కువ టైమ్ పట్టేవీ ఇవే. చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగికి 20 ఏళ్లు నిండాలి, పనికి తగిన నైపుణ్యం ఉండాలి, నేర చరిత్ర ఉండకూడదు, ఆరోగ్యంగా ఉండాలి. అందుకే డిగ్రీ సర్టిఫికెట్, అనుభవ పత్రాలు, పోలీస్ క్లియరెన్స్, మెడికల్ అడుగుతారు. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. పాస్‌పోర్టులో పాత అడ్రస్ ఉంటే వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతుంది, ముందే సరిచేసుకోండి. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలుంటే వీసా వరకు సరిపోవచ్చు. కానీ ఏడాది పర్మిట్ కావాలంటే గడువూ అంతకు మించి ఉండాలి. ఏడాదిన్నర కన్నా తక్కువుంటే రెన్యూ చేయించుకునే వెళ్లమంటాను.

సర్టిఫికెట్ల అటెస్టేషన్ దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఒక్క స్టిక్కర్ ఉంటే సభ్య దేశాలన్నీ పత్రాన్ని ఒప్పుకునే ఏర్పాటు అపోస్టిల్; ఆ ఒప్పందంలో లావోస్ లేదు. అటెస్టేషన్ ఏజెన్సీ అలవాటు కొద్దీ అపోస్టిల్ స్టిక్కర్ అంటించి ఇస్తే అది అక్కడ చెల్లదు. ముందు రాష్ట్ర స్థాయి అటెస్టేషన్, తర్వాత మన విదేశాంగ శాఖ మామూలు అటెస్టేషన్, ఆపైన ఢిల్లీలోని లావోస్ రాయబార కార్యాలయం ముద్ర. ఈ వరుసనే ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పండి. ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. కుటుంబాన్ని తీసుకెళ్లే ఆలోచన ఉంటే పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు కూడా ఇదే విడతలో చేయించేయండి. మళ్లీ అక్కడినుంచి అమ్మానాన్నలను ఆఫీసుల చుట్టూ తిప్పడం ఎందుకు?

హైదరాబాద్ నుంచి సాధారణంగా బ్యాంకాక్ మీదుగా వియంటియాన్‌లోని వట్టాయ్ విమానాశ్రయానికి చేరతారు. ఎల్ఏ-బి2 మీద దిగాక మీ చేతిలో ఉండేది 30 రోజులు. ఆ గడువులోనే వర్క్ పర్మిట్ కార్డు, స్టే పర్మిట్ కార్డు, వాటి ఆధారంగా మల్టిపుల్ ఎంట్రీ వీసా చేయించాలి. ఈ మూడింటినీ మూడు నెలలకో, ఆరు నెలలకో, ఏడాదికో ఇస్తారు. 3×4 సెంటీమీటర్ల ఫొటోలు గుట్టగా తీయించి పెట్టుకోండి, ప్రతి ఫారానికీ అడుగుతారు. మన పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు అక్కడ పనికిరావు. ఇల్లు ఎక్కడ తీసుకున్నా, రాజధాని నడిబొడ్డున అయినా సరే, ఆ పేట ఒక 'బాన్' కిందికి వస్తుంది. దానికి నాయ్ బాన్ అనే పెద్ద ఉంటాడు. అతని ఆఫీసు ముద్రతో నివాస పత్రం తెచ్చుకోవాలి. ఇంటి ఓనర్‌తో అద్దె మాట్లాడేటప్పుడే ఈ పత్రం సంగతీ తేల్చుకోండి. తర్వాత బతిమాలుకోవడం కష్టం.

కాగితాలు తిరుగుతున్నన్నాళ్లూ పాస్‌పోర్టు ఆఫీసుల్లోనే ఉంటుంది. అది మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. అయితే ఎక్కడ ఇచ్చారో తెలిపే రసీదు కాపీ, పాస్‌పోర్టు, వీసా పేజీల జిరాక్స్ జేబులో ఉంచుకోండి. పని పూర్తయ్యాక కూడా పాస్‌పోర్టు మా దగ్గరే ఉంచుతాం అని కంపెనీ అంటే ఒప్పుకోవద్దు.

కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది మెకాంగ్ మీదున్న థాయ్-లావో స్నేహ వంతెన దగ్గర. 1994లో తెరిచిన ఈ వంతెన దాటితే థాయ్‌లాండ్‌లోని నోంగ్ ఖాయ్. సరుకులకూ, పెద్ద జబ్బులకైతే ఉడోన్ థానీ ఆసుపత్రులకూ వియంటియాన్ జనం అటు వెళ్తుంటారు. తోటి ఉద్యోగులు వారాంతంలో రమ్మంటారు కూడా. మీ ఎల్ఏ-బి2 సింగిల్ ఎంట్రీ అయితే, వంతెన దాటిన క్షణంలో దాని కథ ముగిసినట్టే. వర్క్ పర్మిట్ ఫైలు సగంలో ఉన్నా సరే, మళ్లీ కొత్త వీసా కావాలి. మల్టిపుల్ ఎంట్రీ పడేదాకా నది ఇవతలే ఉండండి.

కుటుంబానికి ఎస్‌పి-బి3 వీసా ఉంటుంది. మీ పర్మిట్లు చేతికొచ్చాక వాళ్లకు పెట్టించడం తేలిక. బ్యాంకు ఖాతాకూ ఈ కార్డులే అడుగుతారు.

రెన్యువల్‌కు గడువుకు నెల ముందే కదలాలి. ఏప్రిల్ నెల మధ్యలో పి మాయ్, అంటే లావో కొత్త సంవత్సరం వస్తుంది. 14 నుంచి 16 దాకా సెలవులు, ఆ చుట్టుపక్కల రోజుల్లో కూడా ఆఫీసుల్లో పని మందగిస్తుంది. గడువు ఆ నెలలో ఉంటే మార్చిలోనే ఫైలు వేయించండి. గడువు దాటితే రోజుకింత అని జరిమానా పడుతుంది. పర్మిట్ గరిష్ఠంగా ఏడాదికి ఇస్తారు, పొడిగింపులతో కలిపి చట్టం అనుమతించేది ఐదేళ్లు. వర్క్ పర్మిట్ మీద కంపెనీ పేరు ఉంటుంది. కంపెనీ మారితే పాత కార్డులు రద్దు చేయించుకుని, కొత్త కంపెనీ కోటా దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.