ఐరన్ సెలైన్‌కి వెళ్లేముందు

మా చిన్నమ్మది నర్సంపేట దగ్గర ఊరు. పోయిన ఏడాది పత్తి ఏరే రోజుల్లో చేన్లో రెండుసార్లు కళ్లు తిరిగి కూలబడితే హన్మకొండ తీసుకొచ్చి పరీక్ష చేయించాం, హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. ఐరన్ ఎక్కించాలని డాక్టరమ్మ అనగానే చిన్నమ్మ అడిగిన మొదటి మాట, "ఎవల రక్తం బిడ్డా?"

చాలామంది ఇలాగే అనుకుంటారు కాబట్టి ముందే చెప్తున్నా, ఇది రక్తం కాదు. ఐరన్ మందును సెలైన్‌లో కలిపి నరంలోకి పంపిస్తారు, చూడటానికి చాయ్ డికాషన్ లాగా ఉంటుంది. రక్తం ఎక్కిస్తే హిమోగ్లోబిన్ వెంటనే పెరుగుతుంది, ఐరన్ ఎక్కిస్తే మాత్రం దాంతో మన ఒళ్లే రక్తం తయారు చేసుకోవాలి, అందుకు వారాలు పడుతుంది. నీరసం అనగానే ఊళ్లో పెట్టే 'బలం సెలైన్' అంతకన్నా కాదు.

అసలు మీకు ఐరనే తక్కువైందా అనేది ముందు తేలాలి. ఒక్క హిమోగ్లోబిన్ చూసి సూదికి ఒప్పుకోకండి, ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించమని అడగండి. అది 30 లోపు ఉంటే ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటినట్టే. జ్వరం, ఇన్ఫెక్షన్, కిడ్నీ జబ్బు లాంటివి ఉన్నప్పుడు ఫెరిటిన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందో చెప్పే పరీక్ష) కూడా చూస్తారు, 20 శాతం లోపుంటే తక్కువని లెక్క. తలసీమియా మైనర్ అనే పుట్టుకతో వచ్చే రక్తలోపం ఉన్నవాళ్లకు రక్తకణాలు చిన్నగా ఉంటాయి, హిమోగ్లోబిన్ కొంచెం తక్కువే ఉంటుంది, కానీ ఫెరిటిన్ బాగుంటుంది. వాళ్లకు ఐరన్ పోసినా లాభం లేదు. ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు కూడా కనిపిస్తుంది, ఇంట్లో ఎవరికైనా ఉంటే డాక్టర్‌కు చెప్పండి.

గోలీలతో సరిపోతుందంటే గోలీలే మంచివి. అవి పనిచేయలేదని చెప్పేవాళ్లలో సగం మంది చాయ్‌తో వేసుకుంటారని నా అనుమానం. చాయ్, పాలు, కాల్షియం గోలీ, ఇవేవీ ఐరన్ గోలీకి దగ్గర్లో ఉండకూడదు, కనీసం గంటో రెండు గంటలో ఎడం ఇవ్వాలి. కడుపులో తిప్పుతుంటే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి, అలా వేసుకున్నా బాగానే ఒంటబడుతుంది. గోలీలు అసలు పడనివాళ్లకు, పేగుల జబ్బు ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, నెలసరిలో విపరీతంగా రక్తం పోయేవాళ్లకు, నెలలు నిండబోతూ టైం లేని గర్భిణులకు సూది అవసరం పడుతుంది. గర్భిణులకు మొదటి మూడు నెలల్లో ఇవ్వరు. ప్రైవేటుకు పోయేముందు దగ్గర్లోని సర్కారు దవాఖానలో, వరంగల్ వాళ్లయితే సీకేఎం ప్రసూతి ఆస్పత్రిలో, ఒకసారి అడిగి చూడండి.

మనదగ్గర ఎక్కువగా వాడేవి రెండు మందులు. ఐరన్ సుక్రోజ్ అయితే ఒకసారికి 200 మిల్లీగ్రాములు, రోజు విడిచి రోజు, అంటే 1,000 పూర్తి కావడానికి ఐదుసార్లు తిరగాలి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే 15 నిమిషాల్లో 1,000 వరకు ఒకేసారి ఇవ్వొచ్చు, కాకపోతే బరువులో కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, వారంలో 1,000 మించకూడదు. సీసా రేటు చూస్తే మొదటిదే చవక. కానీ ఐదుసార్లు బస్సు కిరాయి, తోడు వచ్చే మనిషికి ఐదు రోజుల కూలి, ఇవన్నీ కలిపి చూసుకోండి, మాకైతే రెండోదే చవక పడింది. ఎంత కావాలో తేల్చే లెక్క కూడా ఉంది: బరువు, పెరగాల్సిన హిమోగ్లోబిన్, 2.4, ఈ మూడూ గుణించి 500 కలపాలి. 50 కిలోల మనిషికి హిమోగ్లోబిన్ 8 నుంచి 13కి తేవాలంటే 1,100 మిల్లీగ్రాములు అన్నమాట. ఇది మీ అవగాహన కోసమే, మోతాదు రాసేది డాక్టరే.

దీన్ని ఇంట్లో మంచం మీద పడుకుని ఆర్ఎంపీతో ఎక్కించుకోవద్దు, ఎంత తెలిసినవాడైనా సరే. చాలా అరుదే కానీ తీవ్రమైన అలర్జీ వస్తే ఆ క్షణంలో అడ్రినలిన్ సూది, ఆక్సిజన్, బీపీ చూసే మనిషి పక్కనే ఉండాలి.

వెళ్లే రోజు పరగడుపున పోనక్కర్లేదు, తినే వెళ్లండి. జ్వరం ఉంటే వాయిదా వేసుకోండి. ఆస్తమా ఉన్నా, ఇంతకుముందు ఏ మందైనా పడకపోయినా నర్స్‌కు ముందే చెప్పండి.

సూది పెట్టాక చెయ్యి కదపకండి, కళ్లు మాత్రం దానిమీదే ఉంచండి. మంట పుట్టినా, ఉబ్బినా వెంటనే ఆపమనండి, మొహమాటపడొద్దు. చిన్నమ్మకు మొదటిసారి ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో సూది నరంలోంచి పక్కకు జారి మందు చర్మం కిందికి పోయింది, ఆమె "సుర్రుమంటాంది" అంటే అక్కడున్న అమ్మాయి "ఐరన్ కదా, మామూలే" అనేసింది. మామూలు కాదు. మోచేతి దగ్గర పడ్డ గోధుమరంగు మచ్చ ఇప్పటికీ అట్లాగే ఉంది, ఇలాంటివి కొందరికి ఎప్పటికీ పోవట. ఎక్కుతున్నప్పుడు మొహం ఎర్రబడి, ఛాతీ పట్టేసి, నడుము నొప్పి వస్తే కూడా ఆపిస్తారు, తగ్గాక నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఊపిరి అందకపోయినా, పెదాలు వాచినా, కళ్లు తిరిగినా అది వేరే సంగతి, గట్టిగా అరిచి పిలవండి. అయిపోయాక అరగంట అక్కడే కూర్చోవాలి, బస్సు టైం అవుతోందని లేచి రావద్దు.

ఒకటి రెండు రోజులు ఒళ్లునొప్పులు, తలనొప్పి ఉండొచ్చు. వారాలు గడిచినా ఎముకల నొప్పులు, నీరసం పెరుగుతుంటే, అదీ కార్బాక్సీమాల్టోజ్ రెండు మూడుసార్లు తీసుకున్నవాళ్లయితే, రక్తంలో ఫాస్ఫేట్ (ఎముకలకు కావాల్సిన ఖనిజం) పరీక్ష అడగండి, ఈ మందుతో అది పడిపోవచ్చు. ఐరన్ గోలీలు ఆపాలా, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలా అన్నది రాయించుకోండి. నాలుగు వారాలయ్యాక హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఫెరిటిన్ మాత్రం అంతకన్నా ముందు చేయిస్తే ఎక్కించిన మందుకే ఎక్కడికో పోతుంది, టెన్షన్ తప్ప ఏమీ తెలియదు.

ఇంత చేసినా ఐరన్ ఎటు పోతోందో వెతకకపోతే ఏడాదికల్లా మళ్లీ అదే బెడ్డు మీద ఉంటారు. చెప్పుల్లేకుండా చేన్లో తిరిగేవాళ్లకు పేగుల్లో రక్తం పీల్చే కొంకిపురుగులు ఉండొచ్చు; మగవాళ్లకు, వయసుపైబడిన వాళ్లకు మొలలు (పైల్స్) గానీ, కడుపులో పుండో, పేగుల్లో ఇంకేదైనా పెద్ద జబ్బో ఉండొచ్చు. మా చిన్నమ్మకు స్కాన్‌లో గర్భసంచిలో గడ్డ కనపడింది. నెలసరి పది రోజులు ఉంటోందని మూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, "గది మామూలే అనుకున్న" అంది.