ఎండిన బోరును పూడ్చకండి: మేడ మీది వానను బండ సందుల్లోకి దింపే పద్ధతి

మే నెలలో నాకొచ్చే ఫోన్లలో చాలావాటిలో ఒకటే మాట. "అన్నా, బోరు ఆగి ఆగి పోస్తోంది. ఇంకో రెండు వందల అడుగులు కొట్టిద్దామా?" నేను హైదరాబాద్‌లో నిజాంపేట, ప్రగతినగర్, మియాపూర్ వైపు బోరు మోటార్లు ఎత్తే, దింపే పని చేస్తాను. లోతుకు పోతే నాకూ నాలుగు పైపుల పని ఎక్కువే. అయినా నా జవాబు మాత్రం మారదు. ఇన్నాళ్లూ తోడిందే తప్ప పోసింది లేదు కదా, ముందు పోసే సంగతి చూడండి.

మన కింద ఉన్నది గ్రానైట్ బండ. పైన కొంత మట్టి, ఆ కింద మొరం, పిప్పి రాయి (చివికి మెత్తబడ్డ రాయి), ఆ తర్వాత గట్టి బండ. నీళ్లు నిలిచేది ఆ పిప్పి రాయిలోనూ, బండలో అక్కడక్కడా ఉండే పగుళ్లలోనూ. వాటినే రిగ్గు వాళ్లు గ్యాప్ అంటారు. గ్యాప్ తగలకపోతే వెయ్యి అడుగులు కొట్టినా వచ్చేది రాతి పిండే. గ్యాప్ తగిలిన బోరు ఎండిపోయినా ఆ గ్యాప్ ఎక్కడికీ పోదు. నీళ్లు వచ్చిన దారినే నీళ్లు లోపలికీ వెళ్తాయి. బోరు వేసినప్పుడు ఏ లోతులో గ్యాప్ తగిలిందో రిగ్గు వాళ్లు రాసిచ్చిన చీటీ ఉంటే భద్రంగా పెట్టుకోండి, మోటార్ వారంటీ కార్డు కంటే అదే విలువైనది.

మొదట లెక్క చూసుకోండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. హైదరాబాద్‌లో ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. 1,500 చదరపు అడుగుల మేడ దాదాపు 140 చదరపు మీటర్లు. తడిసి ఆరిపోయేది, పక్కకు పొర్లేది పోగా నూటికి 80 వంతులు దక్కినా ఏడాదికి 90 వేల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే పద్దెనిమిది. ఇప్పుడు అవన్నీ పైపులోంచి దిగి రోడ్డు మీద మోకాలి లోతు నిలబడుతున్నాయి.

తర్వాత నీటి మట్టం కొలవండి. దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. నైలాన్ తాడుకు బరువైన ఇనుప నట్టు కట్టి, మోటార్ లేని బోరులోకి వదలండి. నీళ్లు తగిలినప్పుడు చప్పుడు వినిపిస్తుంది, తాడు ఎంత మేర పొడిగా ఉందో టేపుతో కొలవండి. మే చివర ఒకసారి, అక్టోబర్లో ఒకసారి కొలిచి వాచ్‌మన్ రిజిస్టర్‌లో రాయించండి. ఈ రెండు అంకెలు లేకుండా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఎంత వాదించినా లాభం లేదు.

ఇక అసలు పరీక్ష. ఎండిన బోరు నీళ్లు తాగుతుందా లేదా? ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు ఆరున్నర లీటర్లు పడతాయి. అంటే 300 అడుగుల ఖాళీ బోరు రెండు వేల లీటర్లకే అంచుదాకా నిండాలి. 5,000 లీటర్ల మంచినీళ్ల ట్యాంకర్ ఒకటి తెప్పించి పైపుతో నిదానంగా వదలండి. ట్యాంకర్ మొత్తం పోసినా పైకి పొంగలేదంటే మూడు వేల లీటర్లు బండలోకి వెళ్లినట్టే, ఆ బోరు బంగారం. మధ్యలోనే నిండి, గంట తర్వాత తాడు వేసి చూసినా మట్టం కదలకపోతే దానికి మూత బిగించి వదిలేయండి. డబ్బంతా అక్కడ పోయొద్దు. ఏ బోరైనా మూత మాత్రం బోల్టులతో ఉండాలి. రాయి పెట్టి కప్పిన బోరు పిల్లలకు ప్రాణాంతకం.

పరీక్షలో నెగ్గిన ఎండు బోరు చుట్టూ గుంత తవ్వించండి. ఆరడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉంటే చిన్న బిల్డింగ్‌కు సరిపోతుంది. పైన నల్లరేగడి ఉంటే దాన్ని దాటి మొరం తగిలేదాకా పోవాలి, తడిసిన రేగడి ఉబ్బి దారి మూసేస్తుంది. గుంతలో బయటపడిన కేసింగ్‌కు (మట్టి కూలకుండా బోరు పైభాగంలో దింపిన పైపు), కంకర వచ్చే మేర మాత్రమే, హ్యాక్‌సా బ్లేడుతో సన్నని గాట్లు పెట్టించి, నైలాన్ దోమతెర మూడు చుట్లు చుట్టి, నైలాన్ దారంతోనే కట్టండి. ఇనుప తీగ రెండేళ్లు ఉండదు. కేసింగ్ పై కొన మాత్రం గుంత అంచు కంటే రెండడుగులు ఎత్తులో ఉండి తీరాలి. లేదంటే గట్టి వాన రోజున వరద నీళ్లు ఏ వడపోతా లేకుండా నేరుగా బోరులో పడతాయి.

నింపడం కింది నుంచి ఇలా: అడుగున 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం కంకర, ఆపై దొడ్డు ఇసుక అడుగు మందం, పైన అడుగున్నర ఖాళీ. కంకర మధ్య ఖాళీ నూటికి 40 వంతులే కాబట్టి ఆరువేల లీటర్ల గుంతలో, పైన వదిలిన ఖాళీతో కలిపినా, నిజంగా పట్టేది మూడు వేల పైచిలుకే. గంటలో 20 మిల్లీమీటర్లు కొట్టిందంటే ఆ మేడ మీంచే 2,800 లీటర్లు దిగుతాయి, గుంత దాదాపు నిండినట్టే. అందుకే పొంగే నీళ్లు పోవడానికి గుంత పైభాగంలో ఒక పైపు తప్పనిసరి.

నడుస్తున్న బోరైతే కేసింగ్ కోయొద్దు. కోస్తే తొందరగా నీళ్లు దిగుతాయని కొందరు మేస్త్రీలు చెప్తారు, నేను ఒప్పుకోను. తాగినా తాగకపోయినా ఆ నీళ్లతో ఇంటిల్లిపాదీ స్నానం చేస్తారు. దానికి కాస్త దూరంలో విడిగా ఇంకుడు గుంత తీయించి, మట్టినే వడకట్టనివ్వండి. సెల్లార్ ఉన్న బిల్డింగ్‌లో గుంత సెల్లార్ గోడ పక్కన పెట్టకండి, మొదటి వానకే గోడ చెమ్మ పడుతుంది. సెప్టిక్ ట్యాంకుకు కనీసం యాభై అడుగులు దూరం. పార్కింగ్ కడిగిన నీళ్లు, వాషింగ్ మెషీన్ నీళ్లు ఇందులోకి అసలే వద్దు. మేడ నీళ్లొక్కటే.

మేడ నీళ్లు కూడా మొదటి వానవి కావు. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, పావురాల రెట్ట అందులోనే ఉంటాయి. కిందికి దిగే పైపుకు ఒక టీ (మూడు దారుల జాయింటు), ఒక వాల్వ్ పెట్టించి తొలి రెండు వానలు డ్రైనేజీకి వదిలేయండి. టీవీలో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్ చేప ప్రసాదం క్యూ కనిపించిందంటే మృగశిర కార్తె వచ్చేసినట్టు. ఆలోపు మేడ ఊడ్పించి, పైపుల జాలీలు తీసి కడిగించాలి.

ఏటా చేయాల్సింది ఒకటే, దాన్నే అందరూ మరిచిపోతారు. ఇసుక మీద చేయి పెట్టి చూడండి. గోరు మందాన మెత్తటి ఒండ్రు పొర కట్టి, ఆరాక పెళ్లలుగా లేస్తుంది. టీ వడపోసే జాలీలో పొడి పేరుకున్నట్టే, దాని మీద ఎన్ని నీళ్లు పోసినా పక్కకే పొర్లుతాయి. పై అరడుగు ఇసుక తీసి కడిగి వేయండి, లేదా కొత్తది పోయించండి. ఈ పని చేయని గుంతను చూసి "ఇంకుడు గుంతలు ఉత్త దండగ" అనేవాళ్లు ప్రతి కాలనీలో ఉన్నారు.

మీటింగ్‌లో ఇంకో ప్రశ్న కచ్చితంగా వస్తుంది: "మనం పోసిన నీళ్లు పక్క బిల్డింగ్ బోరులో తేలితే?" తేలొచ్చు. గ్యాపులకు ప్రహరీ గోడ తెలియదు. వాళ్లనూ గుంత తీయమని అడగండి, సార్. గల్లీలో నాలుగు బిల్డింగులు పోస్తే నలుగురి మట్టమూ నిలబడుతుంది. ఎంత కాదన్నా చెరువులో నీళ్లలా ఎండకు ఆవిరైపోవు.

వానాకాలంలో బోరు నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా గుంతకు వెళ్లే వాల్వ్ వెంటనే కట్టేయండి. నీళ్లు తేటబడేదాకా మోటార్ వేసి బయటికి తోడించి, ఆ తర్వాత ల్యాబ్‌లో నైట్రేట్, బ్యాక్టీరియా పరీక్ష చేయించండి. రిపోర్టు సరిగ్గా వచ్చేవరకు వాల్వ్ తెరవొద్దు.