రెండు ఆరులొచ్చాయి, విడగొట్టాలా?

ఆదివారం మధ్యాహ్నం మల్కాజ్‌గిరిలోని మా ఇంట్లో బ్లాక్‌జాక్ నడుస్తుంది, చింతపిక్కలతో. ఇరవై ఒకటి దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సిన పేకాట అది. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడితే నేరం, 2017 నుంచి ఆన్‌లైన్‌లో ఆడినా అంతే. పిక్కలతో వచ్చే గొడవల్లా అవి మంచం కిందికి దొర్లుతాయని మా ఆవిడ చేసే గొడవే. ముక్కలు పంచే డీలర్ మా బావమరిది.

పోయిన నెల వాడికి రాజు (విలువ పది) పడ్డాడు, నాకు రెండు ఆరులు. పన్నెండుతో ఏం చేస్తాంలే అని విడగొట్టాను, అంటే ఇంకో పందెం పెట్టి జతను రెండు చేతులుగా ఆడాను. ఒకదాని మీద పది, రెండోదాని మీద తొమ్మిది వచ్చాయి. పదహారు ఒకటి, పదిహేను ఒకటి. రెండింటికీ ఇంకో ముక్క అడిగాను, రెండూ ఇరవై ఒకటి దాటాయి. పది పిక్కలతో పోయేదానికి ఇరవై సమర్పించుకున్నాను.

చిన్న జత రాగానే మన కళ్లు దాని మీదే ఉంటాయి. చూడాల్సింది డీలర్ తెరిచిన ముక్కని. పేకలో 52 ముక్కలుంటే 16 (పదులు, బొమ్మలు) పది విలువవే. అందుకే ఐదో ఆరో తెరిచిన డీలర్ పదిహేనో పదహారో దగ్గర ఇరుక్కుని, వంద ఆటల్లో 42 సార్ల దాకా బస్ట్ అవుతాడు, అంటే ఇరవై ఒకటి దాటిపోతాడు. ఏడు తెరిస్తే 26 సార్లే. వాడు ఇబ్బందిలో ఉన్నప్పుడే మన పందెం రెండింతలు కావాలి.

ఇంకో సంగతి నాకు గోవాలో తెలిసొచ్చింది. పణజిలో మాండోవి నది మీద ఒక క్యాసినో ఓడలో కూర్చున్నాను. నాకు రెండు రెండ్లు, డీలర్‌కూ రెండే. విడగొట్టాను. ఒకదాని మీద తొమ్మిది పడి పదకొండయింది. సంబరంగా డబుల్‌కి (పందెం రెట్టింపు చేసి ఒకే ఒక్క ముక్క తీసుకోవడానికి) చిప్స్ ముందుకు తోస్తే డీలర్ తల అడ్డంగా ఊపింది. ఆ బల్ల మీద స్ప్లిట్ చేశాక, అంటే విడగొట్టాక, డబుల్ లేదట! కూర్చునే ముందే అడగాల్సిన మాట.

డబుల్ ఉంటే రెండ్లు, మూడులు డీలర్‌కు రెండు నుంచి ఏడు దాకా విడగొట్టాలి. లేకపోతే నాలుగు నుంచి ఏడు దాకానే. ఆరులకు డబుల్ ఉంటే రెండు నుంచి ఆరు, లేకపోతే మూడు నుంచి ఆరు. ఏడులకు ఈ పేచీ లేదు, ఎలాగైనా రెండు నుంచి ఏడు. ఇదంతా నాలుగు, ఆరు, ఎనిమిది పేకలు కలిపి ఆడే బల్లల లెక్క. డీలర్ ముక్క ఈ హద్దులు దాటితే జతను కదపకుండా ఇంకో ముక్క అడగండి.

ఐదులను మాత్రం ఎప్పుడూ విడగొట్టకండి. చేతిలో పది ఉంది, అంతకంటే మంచి మొదలు ఏం కావాలి? డీలర్‌కు రెండు నుంచి తొమ్మిది దాకా ఏదున్నా డబుల్ చేయండి. పదో ఆసో ఉంటే ఊరికే ముక్క తీసుకోండి.

నాలుగుల దగ్గరే అందరూ తడబడతారు. ఎనిమిది ఫరవాలేదు, పదో బొమ్మో పడితే పద్దెనిమిది. అదే విడగొడితే, నాలుగు మీద పది పడి పద్నాలుగు. అందుకే డీలర్‌కు ఐదో ఆరో ఉండి, స్ప్లిట్ తర్వాత డబుల్ కూడా ఉంటేనే విడగొట్టాలి.

నిన్న అదే వచ్చింది. నాకు రెండు నాలుగులు, వాడికి ఆరు.

"ఏం బావా, మళ్లీ విడగొడతావా?" అన్నాడు వెటకారంగా.

మా ఇంట్లో డబుల్ ఉంది, విడగొట్టాను. ఒకటి గెలిచాను, ఒకటి పోయింది. పిక్కలు ఎక్కడివక్కడే.