పాము, బందీలు ఉన్న సినిమాపై అభిప్రాయం రాయడం ఎలా?

‘వెనమ్’ సినిమా మొదటిసారి చూసిన రాత్రి నేను రాసిన అభిప్రాయం రెండే వాక్యాలు: ‘పాము చాలాసేపు కనిపించదు. కథ నెమ్మదిగా సాగుతుంది.’ అది చదివి మా తమ్ముడు ఆ సినిమా చూడడం మానుకున్నాడు. ఏడాది తర్వాత నేనే మళ్లీ చూశాను. పాము తెరమీద లేని సమయంలోనే నా కాళ్లు రెండూ నేల మీద నుంచి కుర్చీలోకి ముడుచుకుని ఉన్నాయని అప్పుడు గమనించాను. నేను రాసిన రెండు వాక్యాల్లో అబద్ధం లేదు. కానీ ఆ సినిమా నన్ను ఏం చేసిందో అందులో ఒక్క మాట కూడా లేదు. బందీలనూ ప్రాణాంతకమైన జంతువునూ కలిపిన సినిమా చూసిన ప్రతిసారీ ఇప్పుడు నేను రాసే పద్ధతి వేరు. అదే ఇక్కడ చెబుతున్నాను.

మొదట కథ ఎంతవరకు చెప్పాలో తేల్చుకోండి. ‘వెనమ్’ 1981లో వచ్చిన బ్రిటిష్ సినిమా. లండన్‌లోని ఒక సంపన్నుల ఇంట్లో ఉబ్బసంతో బాధపడే బాలుడు ఉంటాడు. అతన్ని ఎత్తుకుపోవడానికి ఆ ఇంటి డ్రైవరూ పనిమనిషీ ఒక విదేశీ నేరస్థుడితో చేతులు కలుపుతారు. బాలుడికి జంతువులంటే ప్రాణం. అతను హానిచేయని పామును తెచ్చుకోబోతే, పెట్టెలు తారుమారై, విషాలపై పరిశోధించే ప్రయోగశాలకు చేరాల్సిన బ్లాక్ మాంబా అనే విషసర్పం ఇంటికి వస్తుంది. ఇంతలో పోలీసులు ఇంటిని చుట్టుముడతారు. ఇక్కడ ఆగిపోవాలి. ఎవరిని ఎప్పుడు కాటు వేస్తుందో రాస్తే, చూడబోయేవారి చేతిలోంచి సినిమాను లాగేసుకున్నట్టే.

తర్వాతి పని నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఒక కాగితం మీద నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మనుషుల సంగతులు: ఎవరు ఎవరిని బెదిరించారు, పోలీసులు ఏం అడిగారు, ఏ తలుపు మూశారు. కుడివైపు జంతువు సంగతులు: అది ఎక్కడ ఉందని మనకు తెలుసు, ఎక్కడ ఉందని పాత్రలు అనుకుంటున్నాయి. సినిమా నడుస్తుండగా, కుడివైపు జరిగినదాని వల్ల ఎడమవైపు ఎవరైనా నిర్ణయం మార్చుకుంటే రెండిటినీ కలుపుతూ అడ్డగీత వేయండి. చివరికి అడ్డగీతలు లేకపోతే ఆ జంతువు అలంకారం మాత్రమే. దాన్ని తీసేసినా కథ అలాగే నడుస్తుంది. అప్పుడు ‘రెండు సినిమాలను అతికించారు’ అని ధైర్యంగా రాయవచ్చు.

అడ్డగీతలు ఉంటే అవి ఏం చేశాయో ఆలోచించండి. బందీల కథల్లో మామూలుగా తుపాకీ ఉన్నవాడిదే పైచేయి. బయట పోలీసులు, లోపల పాము అనగానే ఆ లెక్క తప్పుతుంది. తుపాకీ పట్టుకున్నవాడు బయటికి వెళ్లలేడు, లోపల నిశ్చింతగా కూర్చోలేడు. బందీని పట్టినవాడే బందీ అవుతాడు. ‘వెనమ్’లో నన్ను కట్టిపడేసింది ఇదే. పాము కనిపించని నిమిషాల్లో సోఫా కింద, కిటికీ తెర వెనుక, గాలి గొట్టాల్లో నేను దాన్ని వెతుకుతూనే ఉన్నాను. నా మొదటి అభిప్రాయంలో లోపమని రాసింది నిజానికి ఆ సినిమా బలం.

జంతువు గురించి నిజాలు తెలుసుకోకుండా దాని మీద తీర్పు రాయవద్దు. బ్లాక్ మాంబా ఒళ్లు నల్లగా ఉండదు. బూడిదరంగు, గోధుమరంగు, ఆకుపచ్చ కలిసిన ఛాయల్లో ఉంటుంది. నల్లగా ఉండేది దాని నోటి లోపలి భాగం, పేరు వచ్చింది అందుకే. కాబట్టి ‘నల్ల పాము అని చెప్పి ఏదో పామును చూపించారు’ అని రాస్తే తప్పు మనదే అవుతుంది. సాధారణంగా 2 నుంచి 3 మీటర్ల పొడవు ఉంటుంది, 4 మీటర్లు దాటడం అరుదు. కొద్ది దూరం వరకు గంటకు సుమారు 16 కిలోమీటర్ల వేగంతో పాకగలదు. ఆ వేగం ఎక్కువగా తప్పించుకుని పారిపోవడానికే. మనుషులను వెతికి వెతికి కాటువేయడం కథకుల కల్పన. నాగుపాము, కట్లపాముల కుటుంబానికే చెందిన ఈ పాము విషం నరాల మీద పనిచేస్తుంది. కండరాలు చచ్చుబడి, చివరికి ఊపిరి ఆగుతుంది. లక్షణాలు కొద్ది నిమిషాల్లోనే మొదలు కావచ్చు, కానీ ప్రాణం పోవడానికి మామూలుగా గంటలు పడుతుంది. విరుగుడు మందు, కృత్రిమ శ్వాస సకాలంలో అందితే బతుకుతారు.

సినిమాలో ఇదంతా చాలా త్వరగా జరిగిపోతుంది. ఉత్కంఠ కోసం కాలాన్ని కుదించడాన్ని నేను తప్పుపట్టను. అయినా ఆ తేడాను ఒక వాక్యంలో తప్పక రాస్తాను. తెరమీద చూసి ‘కాటు పడితే ఇక అంతే’ అని నమ్మినవాడు నిజంగా అవసరమైన రోజు ఆసుపత్రికి పరుగెత్తడు. నాకు ఇది సినిమా కంటే పెద్ద విషయం.

చిత్రీకరణను గమనించేటప్పుడు ఒక్క ప్రశ్న చాలు: జంతువూ నటుడూ ఒకే చట్రంలో కనిపించారా, లేక ముఖం ఒక ముక్కలో, పాము ఇంకో ముక్కలో చూపించి మన భయంతో అతికించారా? ఏ సన్నివేశమో పేరుపెట్టి రాయండి. ‘పాము బాగుంది’, ‘పాము బాగాలేదు’ అన్న మాటల వల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

నటుల విషయంలో తెరవెనుక కబుర్లు మనల్ని లాక్కుపోతాయి. ఈ సినిమాను టోబ్ హూపర్ మొదలుపెట్టగా, తర్వాత పియర్స్ హాగర్డ్ దర్శకత్వం వహించారు. విదేశీ నేరస్థుడిగా నటించిన క్లాస్ కిన్‌స్కీకీ డ్రైవరుగా నటించిన ఆలివర్ రీడ్‌కూ సెట్‌లో అసలు పడలేదని హాగర్డే చెప్పారు. ఇది ఒక వాక్యానికి సరిపోయే సమాచారం. చాలామంది మొత్తం అభిప్రాయాన్ని దీనితోనే నింపేస్తారు, నాకది నచ్చదు. తెరమీద ఏం కనిపించిందో రాయండి: కిన్‌స్కీ గొంతు పెంచకుండా భయపెడతాడు, రీడ్ నిలకడ లేకుండా ఉడికిపోతుంటాడు. ఒకే గదిలో ఆ ఇద్దరూ ఉంటే పాము లేకపోయినా ఏదో జరుగుతుందనిపిస్తుంది.

ఇతరుల అభిప్రాయాలు చదివేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టకండి, ఎవరు దేనికోసం వచ్చారో వెతకండి. పాము బీభత్సం ఆశించి వచ్చినవారికి పోలీసుల సంప్రదింపులు విసుగు పుట్టిస్తాయి. ముట్టడి కథ కోసం వచ్చినవారు అదే భాగాన్ని మెచ్చుకుంటారు. అందుకే మీరు దేనికోసం కూర్చున్నారో మొదటి వాక్యంలోనే చెప్పండి. పాములంటే మీకు భయమైతే అదీ చెప్పండి. పసివాడి ప్రాణం ప్రమాదంలో పడే సన్నివేశాలు ఉన్నాయని కూడా ముందే హెచ్చరించండి, వాటిని తట్టుకోలేని వారు ఉంటారు.

రాసింది ఆ రాత్రే అందరికీ చూపించకండి. మరునాడు ఏ సన్నివేశం దానంతట అదే గుర్తొస్తుందో చూసి, దాన్ని పైకి తెచ్చి మళ్లీ రాయండి. నేను తమ్ముడి కోసం తిరగరాసిన అభిప్రాయం ఇలా మొదలవుతుంది: ‘నేను పాము కోసం కూర్చున్నాను. పాము తక్కువసేపే కనిపించింది. అయినా సినిమా అయిపోయాక దీపం వేసి, కుర్చీ కింద చూసుకున్న తర్వాతే కాళ్లు కిందపెట్టాను.’