వారాంతం నీటి మీద – నాలుగో పాఠం: రాత్రికి కుదురైన చోటు వెతకడం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. మన పడవ తేలడానికి కనీసం నాలుగున్నర అడుగుల నీరు కావాలి. నీటి లోతులు చూపే పటంలో, అంటే చార్ట్‌లో, ఒక చోట 1.8 అని ఉంది. రాత్రికి అక్కడ లంగరు వేయవచ్చా అని అడిగాను.

ఆ 1.8 మీటర్లు. అమెరికాలో ఈ చార్టులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ నోవా (NOAA) పాతకాలపు కాగితం చార్టులను ఒక్కొక్కటిగా తీసేస్తూ 2024 చివరికల్లా ఆపేసింది. ఇప్పుడున్న ఎలక్ట్రానిక్ చార్టుల్లో లోతు మీటర్లలోనే నిల్వ ఉంటుంది, సెట్టింగ్ మారిస్తే యాప్ అడుగుల్లో చూపిస్తుంది. కాబట్టి ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చార్ట్ తెరవగానే మొదట ఆ సెట్టింగ్ చూసుకోండి. 1.8 మీటర్లంటే సుమారు 5.9 అడుగులు. మన నాలుగున్నర పోను 1.4 అడుగులు మిగులు. చార్ట్‌లో రాసే లోతు సగటున బాగా ఆటు ఉన్నప్పటిది, పైగా మేరీల్యాండ్‌లోని అనాపొలిస్ దగ్గర ఆటుకీ పోటుకీ తేడా ఒక అడుగు మాత్రమే. అయితే ఆగవచ్చన్నమాటే కదా?

జూలైలో అయితే ఆగవచ్చు. అక్టోబర్ చివర్లో వాయవ్య గాలి గట్టిగా వీస్తున్నప్పుడు మాత్రం వద్దు. ఆ గాలి చెసాపీక్ బే (అమెరికా తూర్పు తీరంలోని పెద్ద అఖాతం) నీటిని దక్షిణంగా సముద్రంలోకి తోసేస్తుంది. టైడ్ టేబుల్ (ఆటుపోట్ల పట్టిక) చెప్పినదానికంటే నీరు అడుగు, ఒక్కోసారి రెండడుగులు కూడా తగ్గుతుంది. మన 1.4 అడుగుల మిగులు అందులోనే పోతుంది. తెల్లారి లేచేసరికి పడవ బురదలో కూర్చుని ఉంటుంది. "ఆగవచ్చు, కానీ గాలి చూసుకుని" అని రాసినవాళ్ళు సగం పాఠం ముందే నేర్చుకున్నారు, ఎందుకంటే ఇవాళ్టి పాఠమంతా గాలి గురించే.

మనం చూస్తున్నది మేరీల్యాండ్ వైపు చెసాపీక్ బే. వాషింగ్టన్, బాల్టిమోర్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకి శుక్రవారం ఆఫీసు అయ్యాక కారులో గంట ప్రయాణం. అద్దె పడవలు, సెయిలింగ్ స్కూళ్ళు అనాపొలిస్‌లో బోలెడు. ఈ బే అసలు ఒక మునిగిపోయిన నదీ లోయ. మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగినప్పుడు సస్క్వెహానా నది లోయ నీటితో నిండిపోయింది. దానిలోకి వచ్చే ఉపనదులు, వాగులు కూడా మునిగాయి. అందుకే ఒడ్డు పొడవునా ఎక్కడ చూసినా లోపలికి చొచ్చుకుపోయిన పాయలే. వాటిని అక్కడ క్రీక్‌లంటారు, మనమూ అలాగే అందాం. ఉపనదులతో కలిపి తీరం పొడవు 11 వేల మైళ్ళు దాటుతుంది. సగటు లోతు 21 అడుగులే. నేల చాలాచోట్ల మెత్తని బురద, లంగరు బాగా దిగుతుంది. చోట్లకి ఏ లోటూ లేదు. ఏ రాత్రికి ఏ చోటు అన్నదే తేల్చుకోవాలి.

కొత్తవాళ్ళు సాధారణంగా గైడ్ పుస్తకం తెరిచి, "చాలా ప్రశాంతమైనది" అని రాసిన క్రీక్ ఎంచుకుని, సాయంత్రం ఐదింటికి వెళ్ళి లంగరు వేస్తారు. అప్పుడు నిజంగానే నీళ్ళు కదలవు. అర్ధరాత్రి రెండింటికి గాలి మళ్ళుతుంది, అలలు నేరుగా క్రీక్ నోట్లోంచి లోపలికి వస్తాయి, గిన్నెలు గలగలలాడతాయి, పిల్లలు లేస్తారు. పుస్తకం అబద్ధం చెప్పలేదు. అది రాసినవాళ్ళు వెళ్ళిన రోజు గాలి వేరు. ప్రశాంతత అనేది ఆ చోటుకి శాశ్వతంగా ఉన్న గుణం కాదు. ఆ రాత్రి గాలితో కలిపి చూస్తేనే తెలుస్తుంది. మీరు చోటు ఎంచుకోవలసింది సాయంత్రం ఐదింటి గాలికి కాదు, రాత్రి రెండింటి గాలికి.

అందుకని గురువారం రాత్రి, ఇంట్లో కూర్చుని, ముందు వాతావరణం చూడండి. చార్ట్ తర్వాత. ఈ నీళ్ళకి మెరైన్ ఫోర్‌కాస్ట్ ఇచ్చేది వర్జీనియాలోని స్టెర్లింగ్‌లో ఉన్న నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు. బేని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకి గాలి దిశ, వేగం, అల ఎత్తు ఇస్తుంది. పగలు, రాత్రి విడివిడిగా ఉంటాయి. ఫోన్‌లో వచ్చే మామూలు వాతావరణం యాప్ మీ ఊరి గాలి చెబుతుంది, నీటి మీది గాలి కాదు. శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి, ఆదివారం పగలు – ఈ మూడింటి గాలి దిశలు ఒక కాగితం మీద బాణం గుర్తులతో వేసుకోండి. ఇంకేమీ రాయక్కర్లేదు.

ఇక్కడి గాలికి ఒక అలవాటు ఉంది. నడివేసవిలో రోజూ మధ్యాహ్నం దక్షిణపు గాలి లేస్తుంది, చీకటి పడ్డాక పడిపోతుంది. పడమటి నుంచో వాయవ్యం నుంచో ఉరుముల వాన వస్తే అరగంటసేపు చెలరేగి పోతుంది, ఆ అరగంట మాత్రం భయంకరంగా ఉంటుంది. కోల్డ్ ఫ్రంట్ (ముందుకొచ్చే చల్లగాలి అంచు) దాటితే నైరుతి గాలి కాస్తా వాయవ్యానికి తిరిగి, మర్నాడంతా గట్టిగా వీస్తుంది. సెప్టెంబర్ నుంచి ఈ మూడో రకం ఎక్కువ. బాణాలు వేశాక ఈ మూడింట్లో ఏది రాబోతోందో గుర్తుపడితే చాలు.

ఇప్పుడు చార్ట్. గాలి వచ్చే వైపు మీ చోటుకి ఎంత దూరంలో ఒడ్డు ఉందో వేలితో కొలవండి. అల పుట్టాలంటే గాలికి నీటి మీద పరుగెత్తే జాగా కావాలి. మైలు జాగా ఇస్తే రాత్రంతా పడవ ఊగుతుంది. వంద గజాలే ఇస్తే అదే గాలి చెట్ల కొమ్మల్లో హోరుమంటుంది గానీ నీరు కదలదు. ఒడ్డు ఎత్తుగా, చెట్లతో ఉంటే ఇంకా మంచిది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. జూలైలో అన్ని వైపులా మూసుకున్న క్రీక్‌లోకి దూరితే గాలి బొత్తిగా ఆడదు. క్యాబిన్ లోపల ఉక్కపోత, పైన దోమలు. అలాంటి రాత్రి నేనైతే దక్షిణం వైపు కొంచెం తెరిచి ఉన్న చోటే ఎంచుకుంటాను. చిరుగాలి వస్తుంది, అల వచ్చేంత జాగా ఉండదు. అక్టోబర్‌లో అదే చోటు వద్దు, మూసుకున్నదే కావాలి. పుస్తకాలు చాలావరకు "ఎంత మూసుకుని ఉంటే అంత మంచిది" అన్నట్టు మార్కులు వేస్తాయి. ఏసీ లేని పడవలో ఆగస్టు రాత్రి గడిపినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

తర్వాత తిరిగే జాగా. లంగరు మీద ఉన్న పడవ గాలితో పాటు గుండ్రంగా తిరుగుతుంది. దానికెంత వెడల్పు కావాలో లెక్క ఇలా. నీటి లోతు 8 అడుగులు. నీటి మట్టం నుంచి పడవ ముందు భాగం దాకా 4 అడుగులు. ఇది చాలామంది కలపరు. పోటుకి ఒక అడుగు. మొత్తం 13. నెమ్మది గాలికి దానికి ఐదు రెట్లు తాడు, అంటే 65 అడుగులు. గాలి పెరుగుతుందనుకుంటే ఏడు రెట్లు, 91. పడవ పొడవు 32 కలపండి. ఏడు రెట్ల లెక్కలో 123 అడుగులు. అది వృత్తం వెడల్పులో సగమే కాబట్టి, లోతు సరిపోయే నీరు సుమారు 250 అడుగుల వెడల్పున ఉండాలి. చార్ట్ మీద నీరుగా కనిపించేదంతా వెడల్పు అనుకోకండి, యాప్‌లోని కొలబద్దతో గీత గీసి చూడండి. చూడ్డానికి విశాలంగా ఉన్న ఎన్నో క్రీక్‌లు ఈ లెక్క దగ్గరే ఆగిపోతాయి. పాత చార్టుల్లో నేల ఎలాంటిదో కూడా పొట్టి అక్షరాల్లో రాసేవారు. బురద అని ఉంటే సంతోషం, గుల్లలు అని ఉంటే పక్కకి జరగండి. ఆల్చిప్పల మీద లంగరు గీసుకుంటూ పోతుంది తప్ప దిగదు.

ఇంతవరకు నీటి ప్రశాంతత. మనుషుల నుంచి ప్రశాంతత దొరకాలంటే ఉపగ్రహ చిత్రం తెరవాలి. ఒడ్డు నుంచి నీటిలోకి వచ్చిన సన్నటి తెల్లగీతలు కనిపిస్తాయి, అవి ఇళ్ళవాళ్ళు పడవలు కట్టుకునే చెక్క వంతెనలు. వాటిని లెక్కపెట్టండి. గీతలెక్కువుంటే శనివారం ఉదయం గడ్డికోత యంత్రాలు, మధ్యాహ్నం స్కీయింగ్ పడవలు. మెరీనా, నీటి ఒడ్డు రెస్టారెంట్, పడవలు దింపే ర్యాంప్ – వీటిలో ఏదున్నా ఆ క్రీక్ వదిలేయండి. మాగొతీ నదిలో డాబిన్స్ ఐలండ్ చూడముచ్చటగా ఉంటుంది, లోతుంది, నేల మంచిది. కానీ జూలై శనివారం అక్కడ తిరునాళ్ళే. అదే చోటికి సెప్టెంబర్ మంగళవారం వెళ్ళి చూడండి, వేరే లోకం.

ఒడ్డున ఇళ్ళు ఎందుకు లేవు అని అడిగే అలవాటు చేసుకోండి. కారణం తెలిస్తే ఇంకో నాలుగు చోట్లు అదే దారిలో దొరుకుతాయి. అనాపొలిస్‌కి దక్షిణంగా, దగ్గర్లోనే రోడ్ రివర్ ఉంది. దాని ఒడ్డులో పెద్ద భాగం స్మిత్‌సోనియన్ పర్యావరణ పరిశోధన కేంద్రానిది కాబట్టి అడవి అలాగే మిగిలింది. వేసవిలో శుక్రవారం సాయంత్రం బయల్దేరినా చీకటి పడేలోపు చేరవచ్చు. లోపల చిన్న చిన్న దీవులున్నాయి, ఫ్లాట్ ఐలండ్ వెనక ఎక్కువమంది ఆగుతారు. ఆగ్నేయం నుంచి గట్టి గాలి వస్తే మాత్రం ఆ నది నోరు అటే తెరిచి ఉంటుంది, ఇంకా లోపలికి పోవాలి.

బే దాటి తూర్పు ఒడ్డుకి వెళితే వై నది. అనాపొలిస్ నుంచి పక్కకి ఒరిగిన బ్లడీ పాయింట్ బార్ లైట్‌హౌస్ చుట్టి, ఈస్టర్న్ బే మీదుగా సుమారు 20 నాటికల్ మైళ్ళు. ఐదు నాట్ల (గంటకి ఐదు నాటికల్ మైళ్ళ) వేగంతో నాలుగు గంటలు. ఆ లైట్‌హౌస్ 1882లో కట్టింది, వంగిపోయినా ఇంకా నిలబడే ఉంది. వై ఐలండ్ చాలావరకు రాష్ట్ర ప్రభుత్వానిది, అందుకే ఒడ్డున ఎక్కువగా చెట్లే. ఈస్ట్ వై వైపు నుంచి దీవిలోకి చొచ్చుకుపోయిన గ్రానరీ క్రీక్, డివైడింగ్ క్రీక్ రెండూ పేరున్నవి. పేరున్నవి కాబట్టే వేసవి శనివారం సాయంత్రానికి నిండిపోతాయి. నది పైకి ఇంకొంచెం పోతే స్కిప్టన్ క్రీక్ వైపు లోతు తగ్గుతుంది, పడవలూ తగ్గుతాయి. తక్కువ నీటిలో తేలే పడవ ఉన్నవాళ్ళకి ఇది పెద్ద వరం. బే నుంచి నదిలోకి రాగానే విశాలంగా కనిపించే షా బేలో పడవలు పక్కపక్కన కట్టుకుని గుంపులుగా ఉంటారు. వాళ్ళ మధ్య దూరి నిశ్శబ్దం కోరుకోవడం అన్యాయం.

ఇప్పుడు బాణాల కాగితం తీసి కలపండి. శుక్రవారం రాత్రి దక్షిణపు గాలి, 5 నుంచి 10 నాట్లు. శనివారం పగలు నైరుతి, రాత్రి వాయవ్యానికి మళ్ళుతుంది. ఆదివారం వాయవ్యం 15. శుక్రవారం రోడ్ రివర్. శనివారం డివైడింగ్ క్రీక్, ఎందుకంటే అది ఉత్తరం వైపు దీవి లోపలికి పోతుంది, వాయవ్య గాలిని చెట్లు ఆపుతాయి. రాత్రి చాలా హాయిగా గడుస్తుంది. కానీ ఆదివారం? బ్లడీ పాయింట్ దాటాక అనాపొలిస్ ఉన్నది దాదాపు గాలి వచ్చే వైపే. బే మీదుగా పరుగెత్తుకొచ్చిన పొట్టి అలలు ముఖాన కొడుతుంటాయి. 15 నాట్లంటే సరదాగానే ఉంటుందని కొందరంటారు, కుటుంబంతో వెళ్ళినవాళ్ళకి అది వచ్చేసారి ఎవరూ రామని చెప్పే ప్రయాణం. ఫోర్‌కాస్ట్ 20 అని చెబితే నేను శనివారం కూడా పడమటి ఒడ్డు వదలను, రోడ్ రివర్‌లోనే ఇంకో మూలకి జరిగి పులిహోర తిని పడుకుంటాను. తిరుగు ప్రయాణపు గాలి చూడకుండా చోటు ఎంచుకోకండి.

ఇంకో రెండు విషయాలు త్వరగా. మేరీల్యాండ్ నదుల్లో పీతలు పట్టేవాళ్ళు ట్రాట్‌లైన్ వాడతారు. రెండు చివర్లా తేలే బుడ్డీలు, మధ్యలో ఎరలు కట్టిన పొడుగాటి తాడు. వాళ్ళు తెల్లవారకముందే ఇంజన్లతో వస్తారు. వాళ్ళ దారికి అడ్డంగా లంగరు వేస్తే నిద్ర చెడేది మీదే, పని చెడేది వాళ్ళది. సాయంత్రమే బుడ్డీలు ఎక్కడున్నాయో చూసుకోండి, లేకపోతే ఒడ్డుకి దగ్గరగా, మలుపు లోపల ఉండండి. రెండోది, శరదృతువులో తూర్పు ఒడ్డుకి కెనడా బాతులు వేలల్లో దిగుతాయి. అవి రాత్రంతా మాట్లాడుకుంటాయి. దానికి ఏ ఫోర్‌కాస్టూ లేదు.

ఈ వారం అభ్యాసం: చెస్టర్ నదిలో లాంగ్‌ఫర్డ్ క్రీక్ తెరవండి. అది రెండు పాయలుగా చీలే చోట కాకవే ఐలండ్ అని చిన్న దీవి ఉంటుంది. మన పడవే, నాలుగున్నర అడుగుల నీరు కావాలి, పొడవు 32 అడుగులు. సాయంత్రం దక్షిణపు గాలి 10 నాట్లు, అర్ధరాత్రి దాటాక వాయవ్యం 15. దీవికి ఏ వైపున, ఎంత లోతులో ఆగుతారు? తిరిగే వృత్తం చార్ట్ మీద గీయండి. ఒకటే చోటు రెండు గాలులకీ పనికొస్తుందా, లేక పాయ లోపలికి పోవాలా అన్నది కారణంతో రాసుకోండి. జవాబు వచ్చే పాఠం మొదట్లో చూద్దాం. ఆ పాఠంలో లంగరు దింపడం, అది పట్టిందో లేదో ఇంజన్‌తో వెనక్కి లాగి చూడటం, రాత్రి దీపం.