వాలరెంట్‌లో గురి కుదిరినా ఓడిపోతున్నారా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఐదుగురి మీద ఐదుగురు తుపాకులతో తలపడే కంప్యూటర్ గేమ్ వాలరెంట్‌లో ఓడినప్పుడల్లా మనం ముందు మౌస్‌ను, తర్వాత తోటి ఆటగాళ్లను తప్పుపడతాం. నేను గమనించినంతవరకు లోపం ఎక్కువగా కదలికలో, ఖర్చులో, మాటలో ఉంటుంది.

సమస్య: క్రాస్‌హెయిర్ (తెర మధ్యలోని గురి గుర్తు) ప్రత్యర్థి తలపైనే ఉన్నా తూటాలు పక్కకు పోతున్నాయి.

చాలాసార్లు, కాల్చే క్షణానికి మీ వేలు ఇంకా పక్కలకు నడిపించే ఏ కీ మీదో డీ కీ మీదో ఉంటుంది. రైఫిల్‌తో పరుగెడుతూ కాలిస్తే తూటా గురి చూసిన చోటికి పోదు. వాండల్ అనే రైఫిల్ తూటా తలకు తగిలితే 160, ఒంటికి తగిలితే 40 నష్టం కలుగుతుంది. పూర్తి కవచం వేసుకున్నవారికి ప్రాణం, కవచం కలిపి 150 ఉంటుంది కనుక తలకైతే ఒక్క తూటా చాలు, ఒంటికైతే నాలుగు కావాలి. అందువల్ల కీ మీద నుంచి వేలు తీసి, పూర్తిగా ఆగి, రెండు మూడు తూటాలు మాత్రమే కాల్చి పక్కకు జరగాలి. ప్రాక్టీస్ రేంజ్‌లో ఒక గోడ మీద పరుగెడుతూ కొన్ని, ఆగి కొన్ని కాల్చి చూడండి: మొదటివి గోడంతా చెదిరి ఉంటాయి, రెండోవి ఒకేచోట గుత్తిగా పడతాయి. నా అలవాటు మారింది ఆ గోడను చూశాకే.

ఆగి కాల్చినా తగలకపోతే నెట్‌ను అనుమానించాలి. సెట్టింగ్స్‌లో వీడియో విభాగంలోని స్టాట్స్‌లో పింగ్ (సర్వర్‌కు సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం), ప్యాకెట్ లాస్ (దారిలో పోయే సమాచారం) తెరపై కనిపించేలా పెట్టుకోండి. వైఫై బదులు కేబుల్ వాడండి. లాబీలో ముంబైకి బదులు సింగపూర్ సర్వర్ ఎంపికై ఉందేమో కూడా చూసుకోండి.

సమస్య: ఇద్దరి చేతిలో రైఫిళ్లు, ముగ్గురి చేతిలో పిస్టళ్లు ఉంటున్నాయి.

ఎవరికి వారు కొనడమే దీనికి కారణం. ఒక రౌండ్ ఓడితే 1900, వరుసగా రెండోది ఓడితే 2400, మూడోది నుంచి 2900 క్రెడిట్లు, అంటే తుపాకులు కొనే ఆటలోని డబ్బు, వస్తాయి. వాండల్‌కు 2900, పూర్తి కవచానికి 1000 కలిపి 3900 కావాలి. ఒక రౌండ్ ఓడిన తర్వాత మీ దగ్గర 2000 ఉన్నాయనుకుందాం. 1600 పెట్టి స్పెక్టర్ అనే చవక తుపాకీ కొని మళ్లీ ఓడితే, మిగిలిన 400కు 2400 కలిసి 2800 అవుతుంది, వాండల్ కూడా రాదు; ఏమీ కొనకుండా ఓడితే 4400తో అన్నీ వస్తాయి. వచ్చే రౌండ్‌కు కనీసం ఎంత ఉంటుందో కొనుగోలు తెరపైనే కనిపిస్తుంది. అది చూసుకుని, 30 సెకన్ల కొనుగోలు సమయం మొదలవగానే "అన్నా, ఈ రౌండ్ ఏమీ కొనకుండా సేవ్ చేద్దాం, వచ్చే రౌండ్ అందరం కొందాం" అని ఒకరు చెప్పాలి. ఆ ఒక్క మాట ఎవరూ అనకపోవడం వల్లే గెలవగలిగిన మ్యాచ్‌లు చేజారడం నేను చాలాసార్లు చూశాను.

సమస్య: స్పైక్ (దాడి చేసే జట్టు పెట్టే బాంబు) పెట్టాక, మనం ముగ్గురం, వాళ్లు ఇద్దరే ఉన్నా ఓడిపోతున్నాం.

మనవాళ్లు ప్రత్యర్థులను ఒక్కొక్కరుగా వెతుక్కుంటూ వెళ్లి ఒక్కొక్కరుగా చనిపోతున్నారు. స్పైక్ 45 సెకన్లలో పేలుతుంది, దాన్ని నిర్వీర్యం చేయడానికి 7 సెకన్లు పడుతుంది. సమయం మీ వైపే ఉంది కనుక వాళ్లే రావాలి. రెండు దిక్కుల నుంచి స్పైక్‌ను కాపు కాయండి. నిర్వీర్యం మొదలైన మొదటి చప్పుడు మిమ్మల్ని బయటికి రప్పించే ఎత్తు కావచ్చు, కానీ సగం, అంటే 3.5 సెకన్లు, పూర్తయితే అంతవరకు చేసిన పని నిలిచిపోతుంది కనుక అంతకుముందే మీరంతా కలిసి కాల్చాలి.

సమస్య: మైక్‌లో మాట్లాడుతున్నా ఎవరికీ ఉపయోగపడడం లేదు.

"అక్కడున్నాడు" అంటే ఎక్కడో ఎవరికీ తెలియదు. "బీ మెయిన్‌లో (బీ స్థలానికి వెళ్లే ప్రధాన దారిలో) ఒకడు, ఎనభై నష్టం తగిలింది" అని చెప్పి, బతికున్నవారికి అడుగుల చప్పుడు వినిపించేలా మైక్ వదిలేయండి.